ఉద్యోగుల పండుగలు - పనుల ప్రణాళిక: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉద్యోగుల మతపరమైన పండుగలను పనివేళల ప్రణాళికలో ఎలా సర్దుబాటు చేయాలన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. సాధారణంగా దీనిని సెలవు మంజూరు సమస్యగా చూస్తారు. సమస్య అంతకంటే ముందే, అంటే పనుల పట్టిక రూపొందే దశలోనే మొదలవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘సెలవు’, ‘ఐచ్ఛికం’ అనే పదాల అర్థచ్ఛాయలను, తెలంగాణలోని సెలవుల నిబంధనలను, తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల వృత్తిజీవితాన్ని, ఇతర దేశాల న్యాయస్థానాల తీర్పులను ఇందుకు ఆధారంగా తీసుకున్నాను. చివర విద్యాసంస్థలు, దుకాణాలు, ఆసుపత్రులు పాటించదగిన కొన్ని సూచనలు చేశాను.

కీలకపదాలు: సెలవు, ఐచ్ఛిక సెలవు, పండుగ, పనుల పట్టిక, సర్దుబాటు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్.

1. ఉపోద్ఘాతం:

ఈ పరిశీలనకు ప్రేరణ నా స్వానుభవమే. ఈ ప్రాంతంలోని ఒక కళాశాలలో పనిచేస్తున్నప్పుడు అంతర్గత పరీక్షల పర్యవేక్షణ విధుల పట్టిక తయారుచేసే బాధ్యత నాకు వచ్చింది. సాధారణ సెలవుల జాబితాను పక్కన పెట్టుకునే పట్టిక వేశాను. ఎవరికీ సెలవురోజున విధి పడలేదని తృప్తిపడ్డాను. రంజాన్ మాసపు చివరి శుక్రవారం, అంటే జుమతుల్ విదా నాటి మధ్యాహ్నం, ఒక ముస్లిం సహాధ్యాపకురాలికి విధి పడిన సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆమె వచ్చి విధి నిర్వర్తించి వెళ్ళారు. కొన్ని వారాల తరువాత మాటల సందర్భంలో ఈ విషయం తెలిసి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “పట్టిక అప్పటికే నోటీసుబోర్డులో పెట్టేశారు కదండీ” అన్నారు.

ఆ సమాధానంలో నిందలేదు. అయితే ఒక ప్రశ్న ఉంది. ఆమె సెలవు అడిగి ఉంటే బహుశా దొరికేదే. కానీ అడగడమంటే అందరూ చూసిన పట్టికను తన ఒక్కరికోసం మార్చమనడం, మరొక సహోద్యోగి మీద తన పనిని మోపడం. నియమం ప్రకారం అందుబాటులో ఉన్న సెలవు ఆచరణలో ఎందుకు అందలేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నమే ఈ వ్యాసం.

2. ‘సెలవు’ - పదార్థ విచారణ:

తెలుగులో ‘సెలవు’ అనే మాటకు పనిలేని దినం అనే అర్థం ఒక్కటే లేదు. అనుమతి, ఆజ్ఞ అనే అర్థాలు దానికి బలంగా ఉన్నాయి. పెద్దలు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అంటాం. వెళ్ళివస్తామని చెప్పేటప్పుడు ‘సెలవిప్పించండి’ అంటాం. ఈ వాడుకలన్నింటిలోనూ ఇచ్చేవారు పైన, పుచ్చుకొనేవారు కింద ఉంటారు. కాబట్టి పండుగకు ‘సెలవు పెట్టడం’ అనే వ్యవహారంలో అనుమతి కోరే వినయం మాటలోనే ఇమిడి ఉంది.

పూర్వపు విద్యావిధానంలో ఇందుకు భిన్నమైన పదం కనబడుతుంది. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశి వంటి తిథులలో వేదాధ్యయనం చేయరాదని ధర్మశాస్త్రాలు విధించాయి. ఆ దినాలను ‘అనధ్యయనం’ అన్నారు. అక్కడ శిష్యుడు గురువును అనుమతి కోరవలసిన పనిలేదు. తిథే నిర్ణయించేది. గురువుకూ శిష్యునికీ ఆ నియమం సమానమే. వీధిబడుల కాలపు ‘ఆటవిడుపు’ అనే మాటలోనూ పిల్లలకు దొరికే విడుదల కనిపిస్తుందే తప్ప ఎవరో దయతో ఇచ్చిన అనుమతి కనిపించదు.

నేటి కార్యాలయ పరిభాషలోని ‘ఐచ్ఛిక సెలవు’ అనే సమాసం ఈ రెండు భావాల కలయిక. ‘ఐచ్ఛికం’ అంటే ఇచ్ఛను అనుసరించేది. ‘సెలవు’ అంటే అనుమతి. ఇచ్ఛ ఉద్యోగిది, అనుమతి అధికారిది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మన సమస్య.

3. నిబంధనల చట్రం:

3.1. ప్రభుత్వ ఉద్యోగులు:

తెలంగాణ ప్రభుత్వం ప్రతి సంవత్సరం సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు అనే రెండు జాబితాలు ప్రకటిస్తుంది. 2025 సంవత్సరానికి 27 సాధారణ సెలవులు, 23 ఐచ్ఛిక సెలవులు ప్రకటించింది. సంక్రాంతి, ఉగాది, రంజాన్, బక్రీద్, గుడ్ ఫ్రైడే, బోనాలు, బతుకమ్మ ప్రారంభదినం, దసరా, దీపావళి, క్రిస్మస్ వంటివి మొదటి జాబితాలో ఉన్నాయి. కనుమ, శ్రీపంచమి, షబ్-ఎ-బరాత్, బసవ జయంతి, బుద్ధపూర్ణిమ, వరలక్ష్మీవ్రతం, పార్సీ నూతన సంవత్సరం వంటివి రెండవ జాబితాలోనివి. రెండవ జాబితా నుండి ఉద్యోగి ఏడాదిలో 5 దినాలకు మించకుండా ఎంచుకోవచ్చు.

ఈ ఉత్తర్వులో రెండు అంశాలు గమనింపదగినవి. మొదటిది, ఉద్యోగి తన మతంతో నిమిత్తం లేకుండా జాబితాలోని ఏ పండుగనైనా ఎంచుకోవచ్చు. అంటే ఎవరి విశ్వాసాన్నీ విచారించే అధికారం కార్యాలయానికి లేదు. రెండవది, ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోవాలి. సాధారణంగా అనుమతి ఇస్తారు కానీ, పని అవసరాల దృష్ట్యా ఉద్యోగి ఉండక తప్పదనుకుంటే నిరాకరించవచ్చు. అంటే ‘పని అవసరం’ ఎలా నిర్ణయమవుతుందన్నదే కీలకం. పరీక్షను ఆ రోజున పెట్టింది కార్యాలయమే అయినప్పుడు, ఆ అవసరం సహజంగా వచ్చినది కాదు, మనం కల్పించుకున్నది.

పూర్తి దినం కాక కొన్ని గంటల వెసులుబాటు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. 2025లో రంజాన్ మాసం సందర్భంగా మార్చి 2 నుండి 31 వరకు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే కార్యాలయం విడిచి వెళ్ళేందుకు రాష్ట్రప్రభుత్వం అనుమతించింది. అత్యవసర విధులను మినహాయించింది. దీనిపై రాజకీయ వాదోపవాదాలు జరిగాయి. ఇతర మతాల దీక్షలకూ ఇటువంటి వెసులుబాటు ఉండాలన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒకరి వెసులుబాటును తీసివేయడం దానికి సమాధానం కాదు. అవసరమున్న ఇతరులకూ విస్తరింపజేయడమే సరైన మార్గం.

పనిదినాల మార్పిడికి కూడా ఈ ఉత్తర్వులలో ఉదాహరణ దొరుకుతుంది. 2025 జనవరి 1ని సాధారణ సెలవుగా ప్రకటించిన ప్రభుత్వం, దానికి బదులుగా ఫిబ్రవరి 8న వచ్చిన రెండవ శనివారాన్ని పనిదినం చేసింది. పని తగ్గకుండానే దినాన్ని మార్చవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

3.2. ప్రైవేటు సంస్థలు:

దుకాణాలకు, ప్రైవేటు సంస్థలకు ప్రధానంగా రెండు చట్టాలు వర్తిస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన జాతీయ, పండుగ సెలవుల చట్టం ఒకటి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మరొకటి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఈ రెండింటినీ స్వీకరించింది. వారానికొక పూర్తి సెలవు, జాతీయ దినాలకు, నిర్ణీత పండుగలకు వేతనంతో కూడిన సెలవు ఈ చట్టాల సారాంశం. 2023 ఏప్రిల్‌లో దుకాణాలు రాత్రింబగళ్ళు, వారంలో అన్ని రోజులూ తెరిచి ఉంచుకునే అవకాశాన్ని ప్రభుత్వం షరతులతో కల్పించింది. వారాంతపు సెలవు తప్పనిసరి అని, పండుగ సెలవునాడు పనిచేసినవారికి బదులు సెలవు ఇవ్వాలని ఆ షరతులలో ఉంది.

ఈ చట్టాలు ఎన్ని దినాలు అనే లెక్కను చూస్తాయి. ఏ ఉద్యోగికి ఏ దినం అనే ప్రశ్నను చాలావరకు యాజమాన్యానికి వదిలేస్తాయి.

3.3. రాజ్యాంగం:

భారత రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మతాచరణ స్వేచ్ఛను ఇస్తుంది. అయితే ఆ స్వేచ్ఛ ఫలానా దినాన సెలవు పొందే హక్కుగా దానంతటదే మారదు. సార్వజనిక సెలవు ప్రకటించడం ప్రభుత్వ విధాన నిర్ణయమని, అది ఎవరి ప్రాథమిక హక్కూ కాదని 2022లో బొంబాయి హైకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. కాబట్టి మనదేశంలో ఈ సర్దుబాటు హక్కుగా కంటే ఆనవాయితీగా, ఉత్తర్వుగా, పరస్పర మర్యాదగా కొనసాగుతున్నది.

4. దిల్‌సుఖ్‌నగర్ - ఎల్బీనగర్: పనివేళల స్వరూపం:

విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకొని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరుసగా ఉన్నాయి. వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు, కళాశాలలు, ఆసుపత్రులు, ఆర్టీసీ డిపో ఇక్కడి ఉపాధికి ఆధారాలు. ఒకపక్క మలక్‌పేట, మరొకపక్క సరూర్‌నగర్ ఉండటంవల్ల పలు మతాలవారు ఒకేచోట పనిచేయడం ఇక్కడ నిత్యజీవితంలో భాగం. ఈ ప్రాంతంలో కనబడే పండుగ అవసరాలను నాలుగు విధాలుగా విభజించవచ్చు.

అ) దినం: రంజాన్, దసరా, క్రిస్మస్ వంటివి. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఉద్యోగికి పండుగ వచ్చేది వ్యాపారానికి గిరాకీ వచ్చినప్పుడే. బతుకమ్మ, దసరా ముందు రోజులలో, రంజాన్ చివరి వారంలో వస్త్ర దుకాణాల్లో ఊపిరి సలపదు. ఇతరులకు పండుగ చీర చూపించే ఆమె తన ఇంటి పండుగకు ఎప్పుడు వెళ్ళాలన్నది పట్టిక వేసేవారే ఆలోచించాలి.

ఆ) వారం: కార్యాలయాలకు ఆదివారం సెలవు. దుకాణాలకు అదే ఎక్కువ అమ్మకాల దినం. శిక్షణ కేంద్రాలలో నమూనా పరీక్షలు కూడా తరచు ఆదివారమే పెడతారు. అందువల్ల క్రైస్తవ ఉద్యోగికి ఆదివారపు ఆరాధన ఏడాదికి ఒకసారి వచ్చే సమస్య కాదు, ప్రతివారం వచ్చేది. ఆషాఢమాసపు ఆదివారాలలో జరిగే బోనాలదీ ఇదే పరిస్థితి. బస్తీకొక ఆదివారం చొప్పున బోనాలు జరుగుతాయి. ప్రభుత్వ సెలవు మాత్రం ఒక సోమవారమే. ఆదివారం విధిలో ఉండే దుకాణపు ఉద్యోగికి ఆ సోమవారం పెద్దగా ఉపయోగపడదు.

ఇ) పూట: బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. మహిళా ఉద్యోగులకు కావలసింది తొమ్మిది సెలవులు కాదు, సాయంకాలపు రెండు గంటలు. ఇఫ్తార్‌కు కావలసిందీ ఆ వేళే. అయ్యప్ప దీక్షలో ఉన్నవారికి 41 రోజులపాటు ఉదయపు, సాయంకాలపు పూజల వేళలు ముఖ్యం. వీటికి సెలవుచీటీ అవసరం లేదు, వేళల మార్పు చాలు.

ఈ) ప్రయాణం: సంక్రాంతికి ఖమ్మం, నల్లగొండ జిల్లాలకు, కోస్తాకు వెళ్ళేవారంతా ఎల్బీనగర్ కూడలిలో బస్సులకోసం నిలబడతారు. వారిని ఊరు చేర్చే డ్రైవరుకు, కండక్టరుకు ఆ వారంలోనే అదనపు విధులు పడతాయి. ఆసుపత్రి నర్సుల పరిస్థితి కూడా ఇటువంటిదే. రెండేళ్ళకొకసారి వచ్చే మేడారం జాతరకు వెళ్ళివచ్చేందుకు ఒక దినం చాలదు. రంజాన్, క్రిస్మస్‌ల మరునాడు కూడా తెలంగాణలో సాధారణ సెలవు ఉండటం ఈ అవసరాన్ని కొంతవరకు గుర్తించడమే.

పై నాలుగింటిలో మొదటిదానికే నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. మిగిలిన మూడింటిని ఉద్యోగులు తమలో తాము సర్దుకుంటారు. “నా బోనాలకు నువ్వు నిలబడు, నీ రంజాన్‌కు నేను నిలబడతాను” అనే మాట ఈ దుకాణాల మధ్య తిరిగేవారికి కొత్తది కాదు. ఈ బదులు పద్ధతి మంచిదే. కానీ అది స్నేహం మీద ఆధారపడింది. కొత్తగా చేరినవారికి, తన మతానికి చెందినవారు మరొకరు లేనిచోట ఒంటరిగా ఉన్నవారికి, పైవారిని అడిగే చొరవ లేనివారికి అది అందదు.

5. పంచాంగాల మధ్య పని:

సర్దుబాటును కష్టతరం చేసే మరొక అంశం తేదీల అనిశ్చితి. మన పండుగలలో చాలావరకు చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. అధికమాసం వల్ల ఉగాది, దసరా వంటివి దాదాపు ఒకే ఋతువులో వస్తాయి. ఇస్లామీ పంచాంగంలో అధికమాసం లేదు. అందువల్ల రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ళు వేసవి పరీక్షలతో, మరికొన్నేళ్ళు అర్ధసంవత్సర పరీక్షలతో కలుస్తుంది. పైగా నెలవంక కనబడేవరకు తేదీ ఖరారు కాదు. కాబట్టి నిరుటి పట్టికను తీసుకొని ఈ ఏడాదికి తేదీలు మార్చే అలవాటు ఇక్కడ పనికిరాదు.

పండుగలు ఒకేరోజున కలిసినప్పుడు హైదరాబాదు చూపిన దారి గుర్తుంచుకోదగినది. 2023 సెప్టెంబరు 28న గణేశ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకేరోజున వచ్చాయి. నగరంలోని ముస్లిం ప్రతినిధులు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లోనూ సెప్టెంబరు 17నాటి నిమజ్జనాన్ని దృష్టిలో ఉంచుకొని మిలాద్ ఊరేగింపును 19వ తేదీకి మార్చుకున్నారు. పండుగ తిథి మారలేదు. మార్చదగిన ఊరేగింపును మాత్రమే మార్చారు. ఏది కదలనిది, ఏది కదల్చదగినది అనే ఈ వివేచన పనుల పట్టిక వేసేవారికి కూడా అవసరం. ఉద్యోగి పండుగ కదలదు. అంతర్గత పరీక్ష, సమీక్షా సమావేశం, శిక్షణా తరగతి కదులుతాయి.

6. ఇతర దేశాల అనుభవం:

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో మతవివక్షను నిషేధించింది. యజమానికి అనుచితమైన కష్టం కలగనంతవరకు ఉద్యోగి మతాచరణకు సముచితమైన సర్దుబాటు చేయాలని 1972 సవరణ చేర్చింది. అయితే ఎంత కష్టమైతే అనుచితం? శనివారం పనిచేయలేనన్న ఒక విమానసంస్థ ఉద్యోగి హార్డిసన్ కేసులో 1977లో సుప్రీంకోర్టు, నామమాత్రపు ఖర్చును మించితే చాలునన్నట్లు వ్యాఖ్యానించింది. దాంతో ఆ నియమం చాలాకాలం బలహీనపడింది.

2023లో గ్రాఫ్ కేసు ఈ స్థితిని మార్చింది. తపాలా ఉద్యోగి అయిన గ్రాఫ్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవుడు. తపాలాశాఖ అమెజాన్ పార్సిళ్ళను ఆదివారాలు కూడా బట్వాడా చేయడం మొదలుపెట్టినప్పుడు వివాదం వచ్చింది. సంస్థ వ్యాపార స్వరూపాన్నిబట్టి చూసినప్పుడు గణనీయమైన అదనపు భారం పడుతుందని యజమాని నిరూపించాలని న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పింది. సహోద్యోగులకు ఒక మతంపట్లగాని, సర్దుబాటుపట్లగాని ఉన్న విముఖతను భారంగా లెక్కించరాదని కూడా చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో ఆదివారం నిలబడే క్రైస్తవ ఉద్యోగి సమస్య స్వరూపంలో ఇదే. ఇద్దరి ఆదివారాన్నీ మార్చింది వ్యాపారపు వేళలే.

ఈ తీర్పుల నుండి మనం గ్రహించవలసింది చట్టం ఒక్కటే కాదు, నిరూపణ భారం ఎవరిదన్న విషయం కూడా. మన పద్ధతిలో తనకు సెలవెందుకు కావాలో ఉద్యోగి చెప్పుకోవాలి. అక్కడ ఎందుకు ఇవ్వలేమో సంస్థ చెప్పాలి.

7. ప్రణాళిక వేసేవారి బాధ్యత:

ఉన్నతస్థానంలో ఉన్నవారికి కూడా ఈ ఇబ్బంది తప్పదని 2015 నాటి సంఘటన తెలుపుతుంది. ఆ సంవత్సరం హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తుల సదస్సు ఏప్రిల్ 3న, గుడ్ ఫ్రైడే రోజున ప్రారంభమయ్యేలా నిర్ణయించారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కురియన్ జోసెఫ్ దీనిపై అభ్యంతరం తెలుపుతూ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హెచ్.ఎల్. దత్తుకు లేఖ రాశారు. అన్ని మతాల పవిత్రదినాలకూ సమాన గౌరవం ఉండాలన్నది ఆయన వాదన. సంస్థాగత ప్రయోజనమా, వ్యక్తిగత ప్రయోజనమా అనే కోణంలో ప్రధాన న్యాయమూర్తి ప్రశ్నించారు. సదస్సు అనుకున్న తేదీలలోనే జరిగింది.

ఈ రెండు వాదాలలో ఏది సరైనదన్నది అలా ఉంచుదాం. గుడ్ ఫ్రైడే అధికారిక సెలవు. న్యాయస్థానాల పనిదినాలు నష్టపోకుండా ఉండాలనే సెలవురోజులను సదస్సుకు ఎంచుకున్నారు. కొందరికి ఖాళీగా కనబడిన దినం మరొకరికి ఏడాదిలోకెల్లా పవిత్రమైనది. సెలవురోజులలో అదనపు తరగతులు, మూల్యాంకనం, శిక్షణా శిబిరాలు పెట్టే విద్యాసంస్థలు కూడా ఈ పొరపాటే చేస్తుంటాయి. సెలవు అంటే ఖాళీ అని అనుకోవడమే ఇందుకు మూలం.

8. సూచనలు:

పై పరిశీలన ఆధారంగా ఈ కింది సూచనలు చేయవచ్చు.

అ) ఏడాది ప్రారంభంలోనే ప్రతి ఉద్యోగినీ తనకు ముఖ్యమైన నాలుగైదు దినాలు రాసి ఇమ్మనాలి. మతం అడగనక్కరలేదు, తేదీ అడిగితే చాలు. ఏ మతాన్నీ పాటించనివారు కూడా తమ దినాలను ఇవ్వవచ్చు. అప్పుడు పండుగలేనివారి మీదనే ఎప్పుడూ భారం పడుతుందనే ఫిర్యాదు ఉండదు.

ఆ) సాధారణ సెలవులతోపాటు ఐచ్ఛిక సెలవుల జాబితాను, స్థానిక బోనాలు, జాతరల తేదీలను కూడా చూసి పట్టిక వేయాలి. నెలవంకను బట్టి మారే పండుగలకు ముందు, వెనుక ఒక్కొక్క దినం వదలాలి.

ఇ) తుది పట్టికకు ముందు ముసాయిదాను కనీసం ఒక వారం అందరికీ అందుబాటులో ఉంచాలి. ముసాయిదాను మార్చమనడం సులభం, నోటీసుబోర్డును మార్చమనడం కష్టం.

ఈ) ఉద్యోగుల మధ్య జరిగే బదులు విధులను పుస్తకంలో నమోదు చేయాలి. అప్పుడు అది ఉపకారంగా కాక లెక్కగా ఉంటుంది.

ఉ) పూట అవసరాలకు దినం సెలవు పెట్టించకుండా వేళలు మార్చాలి. ముందు వచ్చి ముందు వెళ్ళడం వంటి పద్ధతులతో మొత్తం పనిగంటలు తగ్గవు.

ఊ) అందరికీ సెలవు ఇవ్వలేని ఆసుపత్రి, రవాణా వంటి సేవలలో ఏటేటా వంతులు మార్చాలి. ఈ సంక్రాంతికి విధిలో ఉన్నవారు వచ్చే సంక్రాంతికి ఇంట్లో ఉండాలి. నిరాకరించినప్పుడు కారణం రాసి ఇవ్వాలి.

9. ముగింపు:

ఉద్యోగుల పండుగల సర్దుబాటును సెలవు మంజూరు దృష్టితో చూస్తే అది అధికారి దయగా, ఉద్యోగి వినతిగా మిగులుతుంది. పనుల పట్టిక దృష్టితో చూస్తే అది సంస్థ నిర్వహణలో భాగమవుతుంది. తెలంగాణలో ఐచ్ఛిక సెలవుల నిబంధన మతాన్ని విచారించకుండా ఎంపికను ఉద్యోగికే వదలడం గొప్ప విషయం. కానీ దినం, పూట, వారం, ప్రయాణం అనే నాలుగు అవసరాలలో ఒకదానినే అది తీరుస్తున్నది. మిగిలినవి పట్టిక వేసే చేతిలో ఉన్నాయి.

నాటి నుండి పరీక్షా విధుల పట్టికను ముందుగా ముసాయిదాగా ఇచ్చి, అనుకూలించని తేదీలు చెప్పమని అడగడం అలవాటు చేసుకున్నాను. మొదటిసారి అడిగినప్పుడు వచ్చిన తేదీలలో జుమతుల్ విదా ఉంది, ఒకరి బస్తీ బోనాలు ఉన్నాయి, ఒకరి తండ్రిగారి ఆబ్దికం కూడా ఉంది. అన్నింటినీ తప్పించి పట్టిక వేయడానికి నాకు అదనంగా పట్టింది ఒక సాయంత్రం మాత్రమే.